పెట్టె మీద కనబడని అంకెలు: తక్కువ బడ్జెట్ గేమింగ్ పీసీకి విడిభాగాల ఎంపిక

తక్కువ బడ్జెట్ గేమింగ్ పీసీలో డబ్బు నీళ్లపాలయ్యేది ఎక్కువగా పేరు చూసి కొన్న భాగం దగ్గరే. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే 8 జీబీ, 6 కోర్లు, 500 వాట్లు లాంటి అంకెలు అబద్ధం చెప్పకపోవచ్చు, అలాగని మొత్తం నిజమూ చెప్పవు. తయారీదారు ఖర్చు తగ్గించుకునేది కొనేవాళ్ల కన్ను పడని చోట. మెమరీ బస్ వెడల్పు (గ్రాఫిక్స్ చిప్‌కు, దాని మెమరీకి మధ్య దారి వెడల్పు), పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్ల సంఖ్య (కార్డుకు, ప్రాసెసర్‌కు మధ్య డేటా నడిచే దారులు), ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలుండే చిన్న, వేగమైన మెమరీ), 12 వోల్టుల లైను మీద వచ్చే ఆంపియర్లు అలాంటివి. దగ్గర దగ్గర ధరల్లో ఉన్న రెండు భాగాల్లో ఒకటి నాలుగేళ్లు సాఫీగా నడవడానికి, ఇంకొకటి మొదటి నెలలోనే విసిగించడానికి కారణం సాధారణంగా వీటిలోనే ఉంటుంది.

లెక్క మాత్రం మానిటర్ నుంచి మొదలుపెట్టాలి. 1920×1080 తెరలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లుంటాయి, 2560×1440 తెరలో 36.9 లక్షలు, 4కె తెరలో 82.9 లక్షలు. ప్రతి ఫ్రేములోనూ వీటన్నిటికీ రంగు లెక్కగట్టేది గ్రాఫిక్స్ కార్డు. 1080పీ నుంచి 1440పీకి మారితే పిక్సెళ్లు దాదాపు 78 శాతం పెరుగుతాయి. రిఫ్రెష్ రేటు (తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో) సంగతి వేరు. 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్ల గడువుంటుంది, 144 హెర్ట్జ్‌లో అది 6.9కి పడిపోతుంది. ఆ గడువులో శత్రువుల కదలిక, భౌతిక లెక్కలు, డ్రా కాల్స్ (ఏమేం గీయాలో కార్డుకు ఇచ్చే ఆదేశాలు) పూర్తిచేయాల్సింది ప్రాసెసర్. అంటే రిజల్యూషన్ బరువు కార్డు మీద, ఫ్రేమ్ రేటు బరువు ప్రాసెసర్ మీద పడతాయి. ఇంట్లో ఉన్న పాత 60 హెర్ట్జ్ మానిటర్‌తోనే సరిపెట్టుకునేవాళ్లు ప్రాసెసర్ మీద ఎక్కువ పెట్టి ప్రయోజనం లేదు. కొత్తగా కొంటే తక్కువ బడ్జెట్‌కు 1080పీ, 100 నుంచి 144 హెర్ట్జ్ మధ్య ఉన్న తెర తగినది.

పీసీ పెట్టె వరకు చూస్తే మొత్తం ఖర్చులో 35 నుంచి 45 శాతం గ్రాఫిక్స్ కార్డుకు పోవడం సబబే. 25 శాతానికి దిగితే అది ఆఫీసు కంప్యూటర్ అవుతుంది. 55 శాతం దాటిందంటే ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పవర్ సప్లై) దగ్గరో ర్యామ్ దగ్గరో కోత పడిందన్నమాట.

గ్రాఫిక్స్ కార్డు

కనబడని అంకెలు ఎలా దెబ్బతీస్తాయో చూడటానికి 2022 జనవరిలో వచ్చిన రేడియాన్ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ మంచి ఉదాహరణ. 4 జీబీ మెమరీ, 64 బిట్ల బస్, 4 పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లు. కార్డు కనెక్టర్ చూడటానికి నిండు పొడవే, లోపల సిగ్నల్ తీగలు మాత్రం నాలుగు లేన్లకే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 బోర్డులో ఈ దారిలో సెకనుకు సుమారు 8 జీబీ వెళుతుంది, 3.0 బోర్డులో సుమారు 4 జీబీయే. కార్డు మెమరీ నిండనంత వరకు తేడా పెద్దగా తెలియదు. 4 జీబీ నిండగానే మిగిలిన టెక్స్చర్లు (ఆటలో గోడలు, వస్తువుల మీద పరిచే బొమ్మలు) సిస్టమ్ ర్యామ్‌లోకి వెళతాయి. ఆ తర్వాత అవి కావాల్సినప్పుడల్లా ఆ ఇరుకు సందులోంచి రావాలి, ఆట కుదుపులు మొదలవుతాయి. విడ్డూరం ఏమిటంటే, ఇలాంటి చవక కార్డు కొనేవాళ్లలో చాలామంది దగ్గర ఉండేది పాత 3.0 బోర్డే. పైగా ఇందులో వీడియో ఎన్‌కోడర్ లేదు కాబట్టి ఆట రికార్డు చేసినా, లైవ్ పెట్టినా ఆ భారమూ ప్రాసెసర్ మీదే పడుతుంది.

దానికి ఒక మెట్టు పైనున్న ఆర్‌ఎక్స్ 6600 చూస్తే 8 జీబీ, 128 బిట్ల బస్, 8 లేన్లు, 132 వాట్లు. ఆర్‌టీఎక్స్ 4060 (115 వాట్లు), ఆర్‌ఎక్స్ 7600 (165 వాట్లు), ఆర్‌టీఎక్స్ 5060 (145 వాట్లు) కూడా 8 లేన్లు, 8 జీబీల కార్డులే. ఎనిమిది లేన్ల కార్డును 3.0 బోర్డులో పెట్టినా నష్టం సాధారణంగా కొద్దిగానే ఉంటుంది. మెమరీ నిండిన ఆటలో మాత్రం అది పైకి తేలుతుంది. ఇంటెల్ ఆర్క్ బీ580లో 12 జీబీ, 192 బిట్ల బస్ ఉన్నాయి, కాగితం మీద ఈ వరుసలో అన్నిటికన్నా ఉదారమైన కార్డు. కానీ దానికి రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సదుపాయం) తప్పనిసరి. అది లేని పాత బోర్డులో వేగం బాగా పడిపోతుంది. నెమ్మదైన ప్రాసెసర్‌తో జతకడితే దాని డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) ప్రాసెసర్ మీద వేసే భారం కూడా బయటపడుతుంది. కాబట్టి పాత పీసీలో కార్డు ఒక్కటే మార్చేవాళ్లకు అది తగదు.

ఇప్పుడు 8 జీబీ సరిపోతుందా? 1080పీలో సరిపోతుంది, కొత్త పెద్ద ఆటల్లో టెక్స్చర్ సెట్టింగ్ ఒక మెట్టు దించుకోవడానికి సిద్ధపడితే. మెమరీ చాలకపోవడాన్ని సగటు ఫ్రేమ్ రేటు దాచేస్తుంది. సగటు 70 ఉన్నా, అన్నిటికన్నా నెమ్మదైన 1 శాతం ఫ్రేముల అంకె 20కి దిగితే చేతికి తెలిసేది ఆ 20యే. గోడల మీద బొమ్మలు అలికినట్టు కనబడి కాసేపటికి స్పష్టమవడం, తల తిప్పిన ప్రతిసారీ ఒక కుదుపు రావడం దీని గుర్తులు. సమీక్షల్లో ఈ 1 శాతం అంకె ఇవ్వని గ్రాఫును పక్కన పెట్టేయవచ్చు.

ఇక ఒకే పేరుతో రెండు రకాల సరుకు అమ్మే అలవాటు. జీటీ 1030 జీడీడీఆర్5 రకంలో మెమరీ వేగం సెకనుకు 48 జీబీ, తర్వాత అదే పేరుతో వచ్చిన డీడీఆర్4 రకంలో 16.8 జీబీ. జీటీఎక్స్ 1060లో 6 జీబీ కార్డుకు 1280 కోర్లుంటే, 3 జీబీ కార్డుకు 1152. అంటే కోత మెమరీలోనే కాదు, చిప్‌లోనూ పడింది. ఆర్‌టీఎక్స్ 3050 కూడా అంతే. 8 జీబీ రకానికి 2560 కోర్లు, 128 బిట్లు. 6 జీబీ రకానికి 2304 కోర్లు, 96 బిట్లు. అయితే ఈ 6 జీబీ రకానికి ఒక న్యాయమైన వాడకం ఉంది. అది 70 వాట్లతో స్లాట్ నుంచే కరెంటు తీసుకుంటుంది కాబట్టి వేరే పవర్ కేబుల్ అక్కర్లేదు. ఎస్‌ఎంపీఎస్ మార్చడానికి వీల్లేని పాత బ్రాండెడ్ డెస్క్‌టాప్‌కు అంతకన్నా మంచి దారి దొరకడం కష్టం. ఆర్‌ఎక్స్ 580 అని రాసి పక్కన చిన్నగా 2048ఎస్‌పీ అని ఉంటే అది నిజానికి ఆర్‌ఎక్స్ 570 స్థాయి చిప్. అసలు 580కి 2304 కోర్లుంటాయి.

వాడిన కార్డుల్లో బేరం బాగుంటుంది, కానీ వయసు చూడాలి. రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారిని లెక్కగట్టే పద్ధతి) హార్డ్‌వేర్ లేనిదే అసలు తెరుచుకోని ఆటలు వచ్చేశాయి. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్, 2025 మేలో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ ఆ కోవలోవి. జీటీఎక్స్ 1080 టీఐ, ఆర్‌ఎక్స్ 5700 ఎక్స్‌టీ ఒకప్పటి ఘటికులే అయినా ఇక్కడ తలుపు దగ్గరే ఆగిపోతాయి. మైనింగ్‌లో వాడిన కార్డుల గురించి భయం అవసరానికి మించి ఉంది. 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం మైనింగ్ ఆగిపోయాక అవి కుప్పలుగా మార్కెట్లోకి వచ్చాయి. రాత్రింబవళ్లు ఒకే వేడి మీద నడిచిన చిప్ కంటే అరిగిపోయేవి ఫ్యాన్ బేరింగులు, ఎండిపోయేవి థర్మల్ పేస్టు, ప్యాడ్లు. కొనేముందు కనీసం 20 నిమిషాలు పూర్తి లోడ్ మీద నడిపించి చూడాలి. జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) ఉష్ణోగ్రతకు, హాట్‌స్పాట్‌కు (చిప్‌లో అన్నిటికన్నా వేడెక్కిన చోటు) మధ్య తేడా 25, 30 డిగ్రీలు దాటితే పేస్టు పని అయిపోయినట్టే. అది బాగుచేసుకోదగ్గ లోపమే గనుక ధర తగ్గించమని అడగొచ్చు. తెర మీద చుక్కలు, గళ్లు కనబడితే మాత్రం మెమరీ పోతోందని అర్థం, అక్కడితో బేరం ముగించాలి. పాత చిప్‌కు కొత్త పేరున్న బయోస్ (కార్డులోనో బోర్డులోనో ఉండే ప్రారంభ సాఫ్ట్‌వేర్) ఎక్కించి అమ్మే మోసమూ ఉంది. పేరు చూసి ఊరుకోకుండా కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రాంలో కోర్ల సంఖ్య, బస్ వెడల్పు ఆ మోడల్ అసలు లెక్కతో పోల్చి చూస్తే అది చాలావరకు దొరికిపోతుంది.

అప్‌స్కేలింగ్‌ను (చిన్న బొమ్మ గీసి తెరకు సరిపడా పెంచే పద్ధతిని) నమ్ముకుని ఒక మెట్టు కింది కార్డు తీసుకోవడం 1080పీలో అంత తెలివైన పని కాదు. క్వాలిటీ మోడ్ అంటే లోపల గీసేది 1280×720 బొమ్మే. ఎన్‌విడియా అప్‌స్కేలింగ్ డీఎల్‌ఎస్‌ఎస్ ఉన్న ఆర్‌టీఎక్స్ కార్డుల్లో అది ఎంతో కొంత నిలబడుతుంది. ఏఎండీ వాళ్ల పాత ఎఫ్‌ఎస్‌ఆర్‌లో జుట్టు, ఆకులు, తీగల కంచెలు మెరుస్తూ పోతాయి. ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య కల్పించిన ఫ్రేములు చేర్చడం) సంగతి చెప్పనక్కర్లేదు. అసలు 30 ఫ్రేములే వస్తున్నప్పుడు దాన్ని వేస్తే అంకె పెరుగుతుంది, చేతి స్పందన ఆలస్యం తగ్గదు సరికదా కాస్త పెరుగుతుంది.

ప్రాసెసర్, బోర్డు, ర్యామ్

ఈ మూడూ ఒకే నిర్ణయం. విడివిడిగా ఎంచుకుంటేనే తప్పులు జరుగుతాయి.

రైజెన్ 5 5600, రైజెన్ 5 5500 రెండూ 6 కోర్లు, 12 థ్రెడ్లే. పేర్లలో తేడా వంద. లోపల చూస్తే 5600కు 32 ఎంబీ ఎల్3 క్యాష్, పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 ఉన్నాయి. 5500కు, దాని అన్న లాంటి 5600జీకి 16 ఎంబీ, 3.0 మాత్రమే. ఆటలు చిన్న చిన్న డేటా ముక్కల కోసం పదేపదే వెతుకుతాయి. అవి క్యాష్‌లో దొరక్కపోతే ర్యామ్ దాకా వెళ్లి రావాలి, అంతసేపు కోర్ ఊరికే కూర్చుంటుంది. అందుకే కోర్లు సమానమైనా ఫ్రేములు సమానం కావు. 5500ను ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీతో జతకడితే పైన చెప్పిన ఇరుకు సందు మళ్లీ వచ్చినట్టే. బోర్డు 4.0 అయినా లాభం లేదు, లేన్లు పుట్టేది ప్రాసెసర్‌లోనే. ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5లోనూ ఇలాంటిది ఒకటుంది. రైజెన్ 5 8500జీ కార్డుకు ఇచ్చేవి 4 లేన్లే. గ్రాఫిక్స్ కార్డు పెట్టబోయేవాళ్లు దాని జోలికి పోకుండా 7500ఎఫ్ వైపు చూడటం మేలు.

ఇంటెల్ వైపు కోర్ ఐ3-12100ఎఫ్ (4 కోర్లు, 8 థ్రెడ్లు) ధర చూస్తే ఊరిస్తుంది. ఒక్క ఆట తప్ప వెనకాల ఏమీ నడవకపోతే బాగానే ఉంటుంది. బ్రౌజర్, వాయిస్ చాట్, రికార్డింగ్ తోడైతే 1 శాతం ఫ్రేములు పడిపోతాయి. ఐ5-12400ఎఫ్ 6 కోర్లతో ఆ ఇబ్బందిని దాటేస్తుంది. ఎఫ్ అక్షరం ఉందంటే లోపల డిస్‌ప్లే చిప్ లేదని గుర్తు. మానిటర్ కేబుల్ బోర్డు వెనక హెచ్‌డీఎంఐలో పెడితే తెర నల్లగానే ఉంటుంది. కార్డు పాడైన రోజున బూట్ చేసి చూడటానికి కూడా దారి ఉండదు.

ప్రాసెసర్, కార్డు జతకు "బాటిల్‌నెక్ శాతం" చెప్పే వెబ్ లెక్కలను పట్టించుకోనక్కర్లేదు. ఆట మారితే ఆ శాతం మారుతుంది, సెట్టింగ్ మారితే మళ్లీ మారుతుంది. తెలుసుకునే పద్ధతి తేలిక. ఆట రిజల్యూషన్‌ను 720పీకి దించి చూడాలి. ఫ్రేములు పెరిగితే అడ్డుపడుతోంది కార్డు, పెరగకపోతే ప్రాసెసరో ర్యామో.

బోర్డులో ముందు చూడాల్సింది బయోస్. బీ450 బోర్డులు, 2020 జూన్‌లో వచ్చిన తొలి విడత బీ550 బోర్డులు రైజెన్ 5000 కంటే ముందు పుట్టినవి. గోడౌన్‌లో పడి ఉన్న పాత స్టాకు అయితే 5600 పెట్టినా తెర వెలగదు. ప్రాసెసర్ పాడైందని వెనక్కి పంపేవాళ్లున్నారు, లోపం మాత్రం పాత బయోస్‌ది. బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు అయితే ప్రాసెసర్ లేకుండానే సరిచేయవచ్చు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఫైలుకు మాన్యువల్‌లో చెప్పిన పేరే పెట్టి, గుర్తున్న యూఎస్‌బీ పోర్టులో గుచ్చి బటన్ నొక్కాలి. లైటు ఆగేదాకా కరెంటు తీయకూడదు. ఏ520 బోర్డు పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 దగ్గరే ఆగుతుంది. హెచ్610లో రెండే ర్యామ్ స్లాట్లుంటాయి, ర్యామ్ ఓవర్‌క్లాకింగ్ ఉండదు. 65 వాట్ల ప్రాసెసర్లకు భారీ వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కు వోల్టేజీ సర్ది అందించే భాగం) ఉన్న బోర్డు దండగ. వీఆర్‌ఎం మీద చిన్న హీట్‌సింక్, రెండు ఎం.2 స్లాట్లు, నాలుగు ర్యామ్ స్లాట్లు ఉన్న మైక్రో ఏటీఎక్స్ బోర్డు చాలు.

ర్యామ్ ఒక్క 16 జీబీ స్టిక్కు కంటే రెండు 8 జీబీ స్టిక్కులు మేలు. డీడీఆర్4-3200 ఒక ఛానెల్‌లో సెకనుకు 25.6 జీబీ ఇస్తుంది, రెండు ఛానెళ్లలో 51.2. "ఇప్పటికి ఒకటి, తర్వాత ఇంకొకటి" అనుకుని కొన్నవాళ్లకు అదే చిప్‌లున్న స్టిక్కు దొరకడం అదృష్టం మీద ఆధారపడుతుంది. కార్డు లేకుండా 5600జీ, 8600జీ లాంటి ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌తోనే ఆడేవాళ్లకైతే రెండు స్టిక్కులు తప్పనిసరి, ఎందుకంటే దాని వీడియో మెమరీ కూడా ఇదే. లేటెన్సీ (ర్యామ్ జవాబిచ్చే ఆలస్యం) లెక్క నోటితోనే కట్టవచ్చు. ర్యామ్ వివరాల్లో ఉండే సీఎల్ అంకెను 2000తో గుణించి స్పీడుతో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. 3200 సీఎల్16కి 10, 3200 సీఎల్22కి 13.75, డీడీఆర్5-6000 సీఎల్30కి మళ్లీ 10. స్టిక్కులు పెట్టాల్సింది ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో. డీడీఆర్5లో నాలుగు స్టిక్కులు పెట్టాలన్న ఆలోచన మానుకోవాలి. రైజెన్ 7000లో నాలుగింటికి అధికారిక స్పీడు 3600కి దిగిపోతుంది.

ఏఎం4 (రైజెన్ 5000 వరకు వాడిన ఏఎండీ సాకెట్) ఇక ముందుకు వెళ్లే ప్లాట్‌ఫామ్ కాదు, 12400ఎఫ్ పట్టే ఇంటెల్ సాకెట్ ఎల్‌జీఏ1700 కూడా 14వ తరంతో ముగిసింది. ఏఎం5ను 2027 దాటేదాకా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. అందుకని రెండేళ్లలో ప్రాసెసర్ మార్చే ఉద్దేశం ఉంటే ఏఎం5కు పెట్టే అదనపు డబ్బు వృథా కాదు. కానీ 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు మండిపోయాయి. పాత పీసీలో మంచి డీడీఆర్4 స్టిక్కులున్నవాళ్లు వాటిని ఉంచుకుని 5600 లేదా డీడీఆర్4 బోర్డుతో 12400ఎఫ్ తీసుకుని, మిగిలింది కార్డు మీద పెట్టడం ఇప్పటికి తెలివైన పని.

ఎస్‌ఎంపీఎస్

చవక బిల్డుల్లో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే కోత ఇక్కడే పడుతుంది. ముందు పక్కనున్న లేబుల్ చదవాలి. ప్రాసెసర్, కార్డు రెండూ తినేది 12 వోల్టుల లైనే. ఆ గడిలో ఉన్న ఆంపియర్లను 12తో గుణిస్తే అసలు శక్తి తెలుస్తుంది. మంచి 450 వాట్ల యూనిట్‌లో 37 ఆంపియర్లుంటే 444 వాట్లు, సరే. "500 వాట్లు" అని రాసి ఆ గడిలో 20 ఆంపియర్లే ఉంటే దక్కేది 240. మిగతాది ఇప్పటి పీసీ పెద్దగా వాడని 3.3, 5 వోల్టుల లైన్లలో చూపించిన లెక్క.

రేటింగు 65 వాట్లే అయినా 5600 పూర్తి లోడ్‌లో 76 వాట్ల వరకు తీసుకుంటుంది, 12400ఎఫ్ 117 వరకు. దానికి ఆర్‌ఎక్స్ 6600 132 వాట్లు, బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు ఒక 50 కలిపినా 260, 300 మధ్య తేలుతుంది. అయినా నాణ్యమైన 500, 550 వాట్ల యూనిట్ ఎందుకంటే, కార్డులు మిల్లీసెకన్ల పాటు తమ రేటింగ్ దాటి ఎగబడతాయి. సరిపోని యూనిట్ ఆ క్షణంలో పీసీని ఆపేస్తుంది. నీలి తెర లేకుండా, ఎర్రర్ ఏదీ చూపకుండా, ఆట మధ్యలో పీసీ ఠపీమని రీస్టార్ట్ అయితే మొదట అనుమానించాల్సింది దీన్నే.

80 ప్లస్ బ్రాంజ్ ముద్ర సామర్థ్యానికి సంబంధించినది, 115 వోల్టుల పరీక్షలో సగం లోడ్ మీద 85 శాతం అన్నమాట. రిపుల్ (వోల్టేజీలో చిన్న ఒడుదుడుకులు) ఎంత, ఓవర్‌కరెంట్, ఓవర్‌హీట్ రక్షణలు నిజంగా పనిచేస్తాయా అన్నవి ఆ ముద్ర చెప్పదు. వారంటీ ఏళ్లు, యూనిట్‌ను విప్పి పరీక్షించిన సమీక్షలు అంతకన్నా నమ్మదగ్గ ఆధారాలు. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ను లెక్కలోకే తీసుకోకూడదు.

కేబుళ్ల దగ్గర మూడు ప్రమాదాలున్నాయి. ప్రాసెసర్‌కు వెళ్లే 4+4 పిన్నులది, కార్డుకు వెళ్లే 6+2 పిన్నులది చూడటానికి ఒకలా ఉన్నా 12 వోల్టులు, గ్రౌండ్ తారుమారుగా ఉంటాయి. బలవంతంగా నొక్కితే షార్ట్ అవుతుంది. మాడ్యులర్ యూనిట్ (కేబుళ్లు ఊడదీయగలిగేది) కేబుళ్లను ఇంకో కంపెనీ యూనిట్‌కు వాడితే డ్రైవులు కాలిపోవచ్చు, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరికకు ఉమ్మడి ప్రమాణం లేదు. మోలెక్స్ (పాత నాలుగు పిన్నుల ప్లగ్) నుంచి కార్డుకు కరెంటు ఇచ్చే అడాప్టర్ అవసరమైందంటే ఆ యూనిట్ ఆ కార్డుకు తగదని అదే చెబుతోంది.

మిగతావి

ఎస్‌ఎస్‌డీ విషయంలో ఎం.2 అన్నది ఆకారం పేరే, వేగం పేరు కాదు. రెండు గాట్లున్నది చాలావరకు సాటా (పాత, నెమ్మదైన కనెక్షన్), సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగుతుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద నడిచే వేగమైన ఎన్‌వీఎంఈ డ్రైవుల్లో కొన్నిటికీ రెండు గాట్లుంటాయి కాబట్టి స్పెసిఫికేషన్‌లో ఎన్‌వీఎంఈ అన్న మాట చూడాలి. ఆటల లోడింగ్‌లో 3500 ఎంబీ డ్రైవుకు, 7000 ఎంబీ డ్రైవుకు తేడా సెకన్లలోనే ఉంటుంది. డ్రైవులో సొంత డీర్యామ్ లేకపోయినా హెచ్‌ఎంబీ (కొంచెం సిస్టమ్ ర్యామ్‌ను వాడుకునే ఏర్పాటు) ఉంటే పరవాలేదు. క్యూఎల్‌సీ (ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు కుక్కే రకం) డ్రైవు ఖాళీగా ఉన్నప్పుడు పరుగెత్తి, నిండుతున్న కొద్దీ రాతలో బాగా నెమ్మదిస్తుంది. ఆటల పరిమాణం చూస్తే 500 జీబీ త్వరగా నిండుతుంది, 1 టీబీ (విండోస్‌లో 931గా కనబడుతుంది) సరైన మొదలు. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 వాడితే రెండు సాటా పోర్టులు మూతబడతాయి. అది మాన్యువల్‌లో ఉంటుంది.

క్యాబినెట్‌కు ముందు జాలీ ఉండాలి, అద్దం కాదు. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి. కార్డు పొడవు, కూలర్ ఎత్తు సరిపోతాయో చూసుకుంటే చాలు. రంగు లైట్లకు పెట్టే డబ్బు ఇంకో ఫ్యాన్‌కు వస్తుంది. 65 వాట్ల ప్రాసెసర్‌కు పెట్టెలో వచ్చే కూలర్ చాలు. ట్రే రకం (పెట్టె లేకుండా విడిగా అమ్మేది) కొంటే కూలర్ రాదు, వారంటీ షరతులూ వేరు. ఆ ఖర్చు కలిపి పోల్చాలి.

బిగించేటప్పుడు ముందు బోర్డును దాని అట్టపెట్టె మీదే పెట్టి ప్రాసెసర్, కూలర్, ర్యామ్, కార్డు, ఎస్‌ఎంపీఎస్‌లతో ఒకసారి వెలిగించి చూస్తే, లోపమున్న భాగం క్యాబినెట్ నుంచి మళ్లీ విప్పే పని లేకుండా దొరుకుతుంది. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే తీసేయాలి. ఏఎం5లో మొదటిసారి ర్యామ్ ట్రైనింగ్‌కు కొన్ని నిమిషాలు పడుతుంది, తెర నల్లగా ఉందని కంగారుపడి స్విచ్ ఆపితే అది మళ్లీ మొదటికొస్తుంది. తర్వాత బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని లేబుల్ స్పీడుకు తెచ్చే సెట్టింగ్) వేయాలి. లేకపోతే 3200 ర్యామ్ చాలాసార్లు 2133, 2400 దగ్గరే నడుస్తుంది. సీఎస్‌ఎం (పాత పద్ధతి బూట్) ఆపి, అబవ్ 4జీ డీకోడింగ్, రీసైజబుల్ బార్ రెండూ వేయాలి. విండోస్‌లోకి వచ్చాక డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటు చూడాలి. 144 హెర్ట్జ్ మానిటర్ నెలల తరబడి 60లోనే నడిచిన సందర్భాలు తక్కువేమీ కాదు. భాగాలు వాపసు తీసుకునే గడువులోపే ఒక రాత్రంతా మెమరీ టెస్ట్, ఒక గంట కార్డు మీద, ప్రాసెసర్ మీద ఒకేసారి లోడ్ పెట్టి చూడాలి. ఎస్‌ఎంపీఎస్ బలహీనత ఎక్కువగా బయటపడేది ఆ గంటలోనే.